బెంగళూరులో స్పోర్ట్స్ కారు కొంటే కారుకెంత, పేరుకెంత, సర్కారుకెంత?

చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయి. కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు (ఆర్‌ఎస్‌యూలు) వెస్ట్ అయ్యి, అంటే మీ సొంతమై, చేతికొచ్చాయో, ఊళ్లో స్థలం అమ్ముడుపోయిందో, సొంత కంపెనీ గట్టెక్కిందో, ఏదో ఒకటి. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న స్పోర్ట్స్ కారు ఇప్పుడు కొనేద్దామనిపిస్తోంది. కొనండి, వద్దనే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే మీరిచ్చే డబ్బు మూడు చోట్లకు పోతుంది. కొంత కారుకి, కొంత పేరుకి (అంటే నలుగురిలో వచ్చే గుర్తింపుకి), కొంత సర్కారుకి. ఈ మూడు వాటాలూ విడదీసి చూసుకుని, పేరుకిచ్చేది తెలిసి ఇస్తే పేచీ లేదు. ఏ వాటా ఎంతో తెలియకుండా చెక్కు రాసినవాళ్లకే తర్వాత టెన్షన్.

ముందే ఒక మాట. షేర్లు వెస్ట్ అయిన వారంలో మాత్రం షోరూమ్ వైపు వెళ్లకండి. రెండు నెలలు ఆగాక కూడా అదే కారు కావాలనిపిస్తే అప్పుడు మొదలుపెట్టండి.

1. ముందు సర్కారు వాటా పక్కకు తీయండి

ఎక్స్‌షోరూమ్ ధర (రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు కలపని ధర) పట్టుకుని లెక్కలేస్తే బెంగళూరులో దెబ్బతింటారు. కర్ణాటకలో రూ.20 లక్షలు దాటిన పెట్రోల్ కారుకి లైఫ్‌టైమ్ ట్యాక్స్ 18 శాతం, దాని మీద సెస్సు కలిపితే దాదాపు 20 శాతం. రూ.75 లక్షల కారు అనుకుందాం. రోడ్డు పన్ను రూ.15 లక్షలు, ఇన్సూరెన్సు ఓ మూడు లక్షలు, ఒక శాతం టీసీఎస్ (డీలర్ మీ పేరున ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) రూ.75 వేలు. అంతా కలిపితే రూ.94 లక్షలకు దగ్గర పడుతుంది. ఇందులో టీసీఎస్ ఒక్కటే మళ్లీ మీ చేతికొచ్చేది.

విదేశంలో పూర్తిగా తయారై ఓడలో వచ్చే కారైతే కథ ఇంకా పెద్దది. పేరున్న స్పోర్ట్స్ కార్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. మన రేవుకి చేరేసరికి రూ.40 లక్షలు పడిన కారుని తీసుకోండి. 110 శాతం దిగుమతి సుంకంతో అది రూ.84 లక్షలవుతుంది. దాని మీద 40 శాతం జీఎస్టీ పడితే రూ.117 లక్షలు దాటుతుంది. ఇక్కడి రోడ్డు పన్ను కూడా కలిపితే రూ.141 లక్షలు. డీలర్ లాభం, ఇన్సూరెన్సు ఇంకా కలపనే లేదు. నలభై లక్షల కారు మీద కోటి రూపాయలు పన్నులే. పక్కింటాయన మీ కారుని చూసి ‘కోటిన్నర బండి’ అనుకుని మురిసిపోవచ్చు గానీ, ఇంజిన్‌లో ఉన్నది మాత్రం నలభై లక్షలే.

అందుకే ఇక్కడ అసెంబుల్ అయ్యే కారుకీ దిగుమతి కారుకీ తేడా అంతలా ఉంటుంది. బీఎండబ్ల్యూ 3 సిరీస్ సెడాన్‌లో వేగవంతమైన రకం ఎం340ఐ. అది మన చెన్నై పక్కనే బీఎండబ్ల్యూ ప్లాంటులో అసెంబుల్ అవుతుంది. విడిభాగాలుగా వస్తుంది కాబట్టి సుంకం బాగా తక్కువ. 2021 మార్చిలో రూ.62.9 లక్షలకు వచ్చింది, ఇప్పుడు రూ.75 లక్షల ప్రాంతంలో ఉంది. 374 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. అదే కంపెనీ ఎం2 దిగుమతి కారు. 2023లో వచ్చినప్పుడే రూ.98 లక్షలు. ఇందులో ఎం2 గొప్పతనం ఎంత, సుంకం ఎంత అన్నది మీరు విడదీసుకోవాలి.

ఎలక్ట్రిక్ అయితే లెక్క మారుతుంది. జీఎస్టీ 5 శాతమే, కర్ణాటకలో రూ.25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కారుకి లైఫ్‌టైమ్ ట్యాక్స్ 10 శాతం. ఎంజీ సైబర్‌స్టర్ 2025లో రూ.74.99 లక్షలకు వచ్చింది. 510 హార్స్‌పవర్, రెండు సీట్లు, పైకి లేచే తలుపులు. సెయింట్ మార్క్స్ రోడ్డులో ఆపితే జనం ఫోన్లు తీస్తారు. ఐదేళ్ల తర్వాత దానికి ఎంత వస్తుందో మాత్రం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఈ సర్కారు వాటాని తప్పించుకోవడానికి మనవాళ్లకు ఒక పాత ఉపాయం ఉంది. అనంతపురంలో అన్నయ్య అడ్రసు మీదో, పుదుచ్చేరిలో అద్దె అడ్రసు మీదో రిజిస్ట్రేషన్ చేయించడం. మామూలు కార్లతో ఇది కొన్నాళ్లు నడుస్తుందేమో గానీ, స్పోర్ట్స్ కారు అందరి కళ్లలోనూ పడుతుంది, ఆర్టీవో వాళ్ల కళ్లతో సహా. 2025 జులైలో మహారాష్ట్ర నంబరుతో బెంగళూరులో తిరుగుతున్న ఒక ఫెరారీ యజమాని చేత దాదాపు రూ.1.42 కోట్ల పన్ను కట్టించారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. నలుగురూ చూడాలని కారు కొని, అధికారులు చూడకూడదని సందుల్లో తిప్పడంలో అర్థం లేదు.

2. పేరు ఎవరి దగ్గర చెల్లుతుందో రాసుకోండి

పేరుకి డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. పట్టుచీరకీ పెళ్లికీ పెడుతున్నాం, కారుకి పెడితే ఏం? కానీ ఆ పేరు ఎక్కడ చెల్లుతుందో చూసుకోవాలి. ఒక కాగితం తీసుకుని, మీరు ఈ కారులో దిగుతుంటే చూడాలని మీకు ఉన్న ఐదుగురి పేర్లు రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, నిజమే రాయండి.

ఇప్పుడు ఆ ఐదుగురికీ కార్ల గురించి ఎంత తెలుసో ఆలోచించండి. ఊళ్లో మామగారైతే ఒక సంగతి ఒప్పుకోవాలి: ఫార్చ్యూనర్ ముందు పోర్షే కేమన్ దిగదుడుపే. సంక్రాంతికి కేమన్ వేసుకుని వెళ్తే వాకిట్లో మొదట వినిపించే మాట, ‘ఏం బాబూ, ఇంత డబ్బు పోసి రెండే సీట్లా? పిల్లలెక్కడ కూర్చుంటారు?’ అని. ఎం340ఐకీ మామూలు 3 సిరీస్‌కీ తేడా ఆయనకు కనపడదు, కనపడాల్సిన అవసరమూ లేదు. ఆయన కోసమే అయితే పెద్ద ఎస్‌యూవీ కొనండి. అది స్పోర్ట్స్ కారు కంటే తక్కువలో వస్తుంది, ఆయన నలుగురికీ చెప్పుకుంటారు కూడా.

ఆఫీసులో వాళ్లయితే ఇంకో రకం. రియల్ ఎస్టేట్‌లోనో, ఈవెంట్ల వ్యాపారంలోనో ఉన్నవాళ్లకి కారు చూసి నమ్మే క్లయింట్లు నిజంగానే ఉంటారు. వాళ్లకి పేరు వాటా ఖర్చులో సగం పెట్టుబడే. వైట్‌ఫీల్డ్ ఐటీ కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్ల సంగతి వేరు. అప్రైజల్ ముందు నెలలో మేనేజర్ కారు పక్కన మీ పోర్షే ఆపితే వచ్చే లాభం ఏమిటో మీరే చెప్పండి.

ఐదో పేరు మీదే అయ్యుంటే, అంటే గ్యారేజీ షట్టర్ ఎత్తిన ప్రతిసారీ మీకే సంతోషం కలగాలనుకుంటే, దాన్ని తక్కువ చేసి చూడకండి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో నిలిచేది అదొక్కటే. దానికి ఎంత పెట్టొచ్చో మీరు రూపాయల్లో రాసి పెట్టుకోండి, షోరూమ్‌కి వెళ్లకముందే.

ఫ్యాన్సీ నంబరు ఖర్చు కూడా ఈ వాటాలోనే రాయాలి. 2024లో హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీవో దగ్గర 9999 నంబరు పాతిక లక్షలు దాటి పలికింది. ఆ డబ్బుతో ఒక మంచి సెడాన్ వస్తుంది. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలన్నదే మీ పట్టింపు అయితే, వేలం లేకుండా దొరికే నంబర్లలోనూ అలాంటివి బోలెడు.

3. నడిపే చోటు, నడిపే గంటలు

ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర 500 హార్స్‌పవర్ కారూ ఆటో ఒకే వేగంతో కదులుతాయి. కాబట్టి బెంగళూరులో స్పోర్ట్స్ కారుకి ఉన్న అసలు సమయం ఆదివారం తెల్లవారుజాము. ఐదింటికి బయల్దేరి తొమ్మిదింటికల్లా ఇల్లు చేరడం. నంది హిల్స్ వైపు దారి వారాంతాల్లో ఐదున్నరకే కిటకిటలాడుతుంది. లేపాక్షి వైపు వెళ్లే హైవే కాస్త నయం, పైగా మధ్యలో ఆగి మన భాషలో టిఫిను చెప్పొచ్చు.

మైసూరు హైవే మీద కార్లకు పరిమితి గంటకు 100 కిలోమీటర్లు, కెమెరాలు ఉన్నాయి. కర్ణాటకలో 130 దాటితే నేరుగా ఎఫ్‌ఐఆర్ అని 2024 ఆగస్టు నుంచి అమలు చేస్తున్నారు. ఎం340ఐ వంద అందుకోవడానికి 4.4 సెకన్లు. ఆ తర్వాత మీరూ పక్కనున్న స్విఫ్టూ ఒక్కటే. మరి లక్షల రూపాయలు పోసి కొనేది ఏం? మలుపులో స్టీరింగ్ ఇచ్చే నమ్మకం, బ్రేకు కాలి కింద తగిలే తీరు, గేరు మారినప్పటి చప్పుడు. ఇవి 60 కిలోమీటర్ల వేగంలోనూ అందే కారు బెంగళూరుకి విలువైన కారు. 200 దాటాకే ప్రాణం వచ్చే కారు ఇక్కడ పేరుకే పనికొస్తుంది.

వేగమే కావాలంటే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపనిచ్చే ట్రాక్ డేలకు వెళ్లొచ్చు. అయితే మామూలు కారు ఇన్సూరెన్సు రేసులకూ స్పీడ్ టెస్టులకూ వర్తించదు. అక్కడ గోడకు కొడితే ఆ ఖర్చు మీదే.

4. కిలోమీటరు ఖర్చు తీయండి

ఇది అసలైన లెక్క, కాస్త ఓపిక పట్టాలి. మీకు నచ్చిన మోడల్ మూడేళ్లదీ ఐదేళ్లదీ ఎంతకు అమ్ముతున్నారో చూడండి. ప్రకటనలో అడిగే ధర ఒకటి, నిజంగా చేతులు మారే ధర ఇంకోటి. ఒకరిద్దరు డీలర్లకు ఫోన్ చేసి, కొనేవాడిలా కాకుండా అమ్మేవాడిలా అడగండి. ‘నా దగ్గర ఈ బండి ఉంది, ఎంతిస్తారు?’ అంటే అసలు ధర బయటపడుతుంది.

పైన చెప్పిన రూ.75 లక్షల కారు టీసీఎస్ తీసేస్తే ఆన్‌రోడ్ రూ.93 లక్షలు. మూడేళ్లకు మీకు రూ.57 లక్షలు వచ్చిందనుకుందాం. పోయింది రూ.36 లక్షలు, అంటే నెలకు లక్ష. ఆదివారాలు మాత్రమే తిప్పితే ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు. కిలోమీటరుకి రూ.200 పడింది, పెట్రోలు కాకుండా. ఈ అంకె చూసి గుండె గుభేల్‌మంటే మంచిదే, ఇప్పుడే గుభేల్‌మంది.

ఇక్కడే పేరు వాటాలో ఒక మెలిక ఉంది. మీరు పేరుకిచ్చిన డబ్బుని మీ తర్వాత కొనేవాడు కూడా ఇస్తే, అది ఖర్చయినట్టు కాదు. పోర్షే 911కి ఇది ఎక్కువగా వర్తిస్తుంది. కోరుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, దొరికేవి తక్కువ. పెద్ద జర్మన్ లగ్జరీ సెడాన్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం. కొత్తలో ఊరంతా చూసేది, వారంటీ అయిపోగానే ఎవరికీ అక్కర్లేనిది. కాబట్టి ‘పేరున్న కారు’ అని ఒకే గాటన కట్టేయకండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కూడా నిలిచే పేరా, షోరూమ్ గేటు దాటగానే కరిగే పేరా అన్నది పాత ధరలే చెబుతాయి.

ఇంకో ప్రమాదం కూడా కలుపుకోండి. 2025 సెప్టెంబరు 22న పెద్ద కార్ల మీద దాదాపు 50 శాతం దాకా ఉన్న జీఎస్టీ, సెస్సు కలిపి 40 శాతానికి తగ్గాయి. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధరా దిగక తప్పదు. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకమైన ఒప్పందంలో అక్కడ తయారయ్యే కార్ల సుంకాన్ని కోటాకు లోబడి దశలవారీగా 10 శాతానికి తగ్గించే ఏర్పాటుంది. ఐరోపా సమాఖ్యతో కుదిరిన ఒప్పందంలోనూ అలాంటిదే ఉంది. దిగుమతి కారు కొత్తది కొనాలనుకుంటే ఈ సంగతి మనసులో పెట్టుకుని బేరం చేయండి. నేనైతే ఈ రోజుల్లో దిగుమతి కారు కొత్తది కొనను, మూడేళ్లది చూస్తాను.

5. బడ్జెట్‌ని బట్టి నా మాట

ఇరవై లక్షల అటూ ఇటూ అయితే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ లేదా స్కోడా స్లావియా, 1.5 ఇంజిన్‌తో. 150 హార్స్‌పవర్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా తల తిప్పి చూడడు. బెంగళూరు రోడ్ల మీద మీరు రోజూ వాడుకోగలిగే వేగం మాత్రం ఇంతే.

యాభై లక్షల దగ్గర 2025లో రెండు మంచి కార్లు వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ రూ.53 లక్షలు, స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ రూ.49.99 లక్షలు, రెండూ 265 హార్స్‌పవర్, రెండూ పరిమిత సంఖ్యలో దిగుమతైనవి. ‘స్కోడాకి యాభై లక్షలా’ అని మీ బాబాయి అంటాడు. తెలిసినవాళ్లు మాత్రం పెట్రోల్ బంకులో దగ్గరకొచ్చి పలకరిస్తారు. మీకు ఏ రకం గుర్తింపు కావాలో దాన్ని బట్టి తీసుకోండి.

ఆపైన, ఒక్క కారుతోనే ఇల్లూ సరదా రెండూ నడవాలంటే ఎం340ఐ. వెనక ముగ్గురు కూర్చుంటారు, డిక్కీలో సూట్‌కేసులు పడతాయి. 718 కేమన్ దీనికంటే సూటిగా పోయే పరుగులో నెమ్మది, కొత్తది దొరికిన రోజుల్లో ధర దాదాపు రెట్టింపు. అయినా ఇంజిన్ మధ్యలో ఉన్న ఆ కారు మలుపు తిరిగే తీరు సెడాన్లకు రాదు. అందుకే సున్నా నుంచి వంద అంకె ఒక్కటీ పట్టుకుని విలువ తేల్చకండి. పెట్రోల్ 718 తయారీ 2025లో ఆగిపోయింది కాబట్టి ఇక పాతవే గతి.

6. టెస్ట్ డ్రైవ్ మీ ఇంటి దాకా చేయండి

షోరూమ్ వాళ్లు లావెల్ రోడ్ చుట్టూ ఒక రౌండు తిప్పి, ఎక్కడో ఖాళీగా ఉన్నచోట ఒక్కసారి గట్టిగా తొక్కించి, నవ్వు ముఖంతో వెనక్కి తెస్తారు. మీరు మాత్రం మీ అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లాలని పట్టుబట్టండి.

బేస్‌మెంట్ ర్యాంపు దిగేటప్పుడు అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. ర్యాంపు నేలని కలిసే చోట నీళ్లు పోవడానికి ఇనుప జాలీ వేసి ఉంటుంది చూడండి, అక్కడ కారు ముందు బంపర్ కింది అంచు కిర్రుమంటుంది. ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఒకటి వెనక అన్నట్టు దింపితే కొన్ని కార్లు గట్టెక్కుతాయి. కానీ మీ ర్యాంపు సన్నగా ఉండి పక్కన గోడ ఉంటే ఆ వీలుండదు. ఫోన్ టార్చి వేసి ముందు బంపర్ కింద చూడండి, గీత పడిందంటే అది రోజుకు రెండుసార్లు పడుతుందన్నమాట. ముందు భాగాన్ని పైకెత్తే లిఫ్ట్ సౌకర్యం పోర్షేలో ఎక్స్‌ట్రా డబ్బుకి దొరుకుతుంది. బెంగళూరులో అది సోకు కిందికి రాదు, తీసుకోండి.

మీ లేఅవుట్ స్పీడ్ బ్రేకర్లు కూడా దాటించండి, నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టి. కార్లను ఒకదాని మీద ఒకటి పెట్టే మెకానికల్ స్టాక్ పార్కింగ్ ఉంటే బరువు, ఎత్తు, వెడల్పు పరిమితులు మేనేజర్ దగ్గర రాయించుకోండి. వాహన పూజ రోజు నిమ్మకాయల గురించి మాత్రం బెంగ వద్దు, ఎంత సన్నటి టైరైనా వాటిని తొక్కగలదు.

కొనకముందే ఒక వారాంతం అద్దెకు తీసుకుని చూడటం ఇంకా మేలు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న సెల్ఫ్ డ్రైవ్ బండే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత కారుని అద్దెకిస్తే ప్రమాదమైనప్పుడు ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది.

7. సెకండ్ హ్యాండ్ అయితే

2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు వైపు విల్లాలు మునిగినప్పుడు ఖరీదైన కార్లు నీళ్లలో ఉన్న ఫొటోలు దేశమంతా చూసింది. చెన్నైలో 2015లో, 2023లో అదే జరిగింది. అలాంటి కార్లు కడిగి, పాలిష్ పట్టి మార్కెట్లోకి వస్తాయి. సీట్ బెల్టుని చివరిదాకా లాగి చూడండి. పైన మూరెడు కొత్తగా ఉండి, అడుగున మట్టి చార కనిపిస్తే ఇక మాట్లాడేదేం లేదు. స్పేర్ వీలు గుంతలో, సీట్ల కింద బోల్టులకు తుప్పు ఉందేమో వేలితో తడమండి.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారీ. ‘పది వేలే తిరిగింది’ అన్న కారుకి అన్నీ కొత్త టైర్లుంటే ఎందుకని అడగండి. ఎక్కువ పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించారా (ట్యూన్ చేయించారా) అన్నదీ సూటిగా అడగండి. అమ్మే ముందు మామూలు స్థితికి మార్చేసి ఇచ్చేవాళ్లుంటారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి తనిఖీ చేయిస్తే చాలావరకు తేలిపోతుంది. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే వదిలేయండి.

హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో చవగ్గా దొరికితే, అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని కర్ణాటకలో బండి వయసుని బట్టి తగ్గించిన లైఫ్‌టైమ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ అంకె కలిపాక కూడా చవకేనా అన్నది చూడండి. చాలాసార్లు కాదు.

8. లోన్, ఇన్సూరెన్సు, చివరి కాగితాలు

రూ.50 లక్షల లోన్, 9 శాతం, ఐదేళ్లయితే ఈఎంఐ దాదాపు రూ.1.04 లక్షలు, వడ్డీయే రూ.12 లక్షలు దాటుతుంది. ఆన్‌రోడ్‌లో సగానికి మించి అప్పు చేయాల్సి వస్తే ఒక మెట్టు కింది కారు చూడమంటాను. పేరుని అప్పు మీద మోయడం కష్టం.

ఇన్సూరెన్సులో కారు విలువ ఏడాది దాటగానే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 తగ్గించి లెక్కిస్తారు. అందుకే మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చేది), జీరో డెప్ (విడిభాగాల ఖర్చులో తరుగుదల కోయనిది) రెండూ తీసుకోండి. ఇన్‌వాయిస్ కవరులో రోడ్డు పన్ను కూడా కలుస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి, కర్ణాటకలో అది పదిహేను లక్షల ప్రశ్న. 1,500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ.7,897 మాత్రమే. మిగతా ప్రీమియం అంతా బేరం ఆడదగ్గదే. షోరూమ్ చెప్పిన కొటేషన్‌తో పాటు బయట రెండు తీసుకోండి.

టైర్లు మార్చడానికీ, వారంటీ పొడిగింపుకీ ముందే కొంత పక్కన పెట్టుకోండి. 19 అంగుళాల మంచి స్పోర్ట్స్ టైరు ఒక్కోటి పాతిక, ముప్పై వేలకు తక్కువ రాదు. మన గుంతలకు అవి ఏడాదిలోనే పోయినా ఆశ్చర్యం లేదు.

డెలివరీ తీసుకున్నాక ఫొటోలు, పూజ అయిపోయాక, డీలర్ మీ పాన్ మీద టీసీఎస్ జమ చేశాడో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. కనపడకపోతే వెంటనే అడగండి. కనపడితే ఆ ఏడాది రిటర్నులో ఆ డెబ్బై ఐదు వేలూ చూపించి సర్దుబాటు చేసుకోండి.